దిద్దాల్సిన పేపర్ల కట్ట పదిహేను రోజులుగా బీరువా మీదే ఉంది. ఇది బద్ధకమా, మెదడు చేసే పనా?

లెక్కల_టీచర్
ఆదివారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్తాను, పదిహేడేళ్ల సర్వీసు. ఏడో తరగతి పరీక్ష అయి పదిహేను రోజులైంది. 62 పేపర్లు, పురికొసతో కట్టిన కట్ట మా బీరువా మీద ఉంది. ఇవాళ పొద్దున్నే దించుదామనుకున్నాను. ముందు ఇడ్లీ ప్లేట్లు తోమాను, తర్వాత పప్పుల డబ్బాలన్నీ దించి ఎండలో పెట్టాను, మధ్యాహ్నం మా వాడి చొక్కాలకి ఊడిన గుండీలు కుట్టాను, ఆ గుండీల జోలికి నేను ఏడాదిగా పోలేదు. సాయంత్రం ఆరింటికి కట్ట దించి, ముడి విప్పి, మొదటి పేపర్ మీద పేరు చదివి, మళ్లీ ముడేసి పైన పెట్టేశాను.

బద్ధకం అంటే ఏ పనీ చేయకుండా పడుకోవడం కదా. నేను రోజంతా నిలబడే ఉన్నాను. రాత్రి పడుకుంటే గుండె దడ. పిల్లలు రోజూ "టీచర్, మా పేపర్లు?" అని అడుగుతారు, నేను "రేపు" అంటాను. ఈ అలవాటు నాకు చిన్నప్పుడు లేదు. నిజంగా మెదడులో ఏదైనా ఉంటుందా, తెలిసినవాళ్లు చెప్పండి.


ఐదింటికి_లేస్తా
సోమవారం, ఉదయం 5:25

మేడమ్, ఇందులో మెదడూ లేదు, మందూ లేదు. టైమ్‌టేబుల్ వేసుకోండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి, కూర్చుని దిద్దండి. మూడు గంటల పని. మనం దేనికైనా పెద్ద పెద్ద పేర్లు పెట్టుకుని తప్పించుకోవడం నేర్చుకుంటున్నాం. మా ఇంట్లో మా అబ్బాయీ అంతే, ఇంటర్ చదువుతున్నాడు, పుస్తకం ముందు పెట్టుకుని గంటలు గంటలు గోడ చూస్తాడు.


లెక్కల_టీచర్
సోమవారం, ఉదయం 6:10

ఫోన్ నిన్న రోజంతా చార్జింగ్‌లోనే ఉందండీ. మూడు గంటల పనని నాకూ తెలుసు. తెలిసీ చేయలేకపోవడం ఏమిటనేదే నా ప్రశ్న.


మనసు_మాస్టారు
సోమవారం, ఉదయం 9:05

టీచర్ గారూ, నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్తాను. మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. బద్ధకంగా ఉన్నవాడికి పని ఆగిపోయిందన్న బాధ ఉండదు. మీకు నిద్ర పట్టనంత ఉంది.

ఫ్యూషియా సిరోయిస్, టిమోతీ పిచిల్ అని ఇద్దరు కెనడా పరిశోధకులు 2013లో ఒక మాట గట్టిగా చెప్పారు. వాయిదా వేయడం టైమ్ సర్దుకోలేక వచ్చేది కాదు, ఆ పని తలుచుకోగానే లోపల లేచే ఇబ్బంది ఉంటుందే, దాన్నుంచి తప్పుకోవడం కోసం వచ్చేది అని. కట్ట మళ్లీ బీరువా మీద పెట్టగానే ఒక్క క్షణం ప్రాణం తేలికపడి ఉంటుంది, అవునా? ఆ తేలికే మెదడుకి బహుమానం. ఏం చేస్తే బహుమానం దొరికిందో దాన్నే మళ్లీ చేయమంటుంది మెదడు, పదిహేను రోజుల్లో ఆ దారి బాగా అరిగిపోతుంది. గుండీలు కుట్టేటప్పుడు మీకు ఎవరి భయమూ లేదు. పేపర్లలో ఏదో ఉంది.

ఇక మెదడు సంగతి. కణతల లోపలి వైపు బాదం గింజ ఆకారంలో అమిగ్డాలా అని ఒక భాగం ఉంది, "ఇది చేస్తే ఏం ముంచుకొస్తుందో" అన్న హెచ్చరిక అక్కడి నుంచి లేస్తుంది. మెదడు మధ్య గోడ ముందు భాగంలో ఆంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ ఉంటుంది, ఆ హెచ్చరికను విని, తూచి, సరే ముందుకు పద అనో ఆగమనో తేల్చడంలో దానికి చేయి ఉంది. జర్మనీలో బోహుమ్ యూనివర్సిటీవాళ్లు 2018లో 264 మంది మెదళ్లను ఎంఆర్‌ఐలో చూశారు. మొదలుపెట్టడానికి ఎక్కువ తటపటాయించేవాళ్లలో అమిగ్డాలా కాస్త పెద్దగా, ఈ రెండు భాగాల మధ్య సంబంధం కాస్త బలహీనంగా కనిపించింది. అంటే హెచ్చరిక గట్టిగా మోగుతోంది, దాన్ని సముదాయించే చోటికి లైను సరిగా లేదు.

ఒక్క ప్రశ్న అడుగుతాను, ఇక్కడ చెప్పాలని లేకపోతే వదిలేయండి. మొదటి పేపర్ మీద పేరు చదివాక మీకేమనిపించింది?


డల్లాస్_తెనాలి
సోమవారం, ఉదయం 10:30

మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, పన్నెండేళ్లుగా అమెరికాలో. నా సమస్య భయం కాదు, "రేపు చేస్తే ఈజీగా అయిపోతుంది" అన్న నమ్మకం. ఈ రేపు అనేది మనకి ఎందుకంత తేలిగ్గా కనిపిస్తుందో వెతుకుతూ ఉంటే పారిస్‌లో చేసిన పరిశోధన ఒకటి దొరికింది, 2022లో వచ్చింది, ల బూక్, పెసిగ్లియోన్ అని ఇద్దరిది. 51 మందిని తీసుకుని, స్కానర్‌లో పడుకోబెట్టి, ఈ పని ఇప్పుడు కొంచెం చేస్తావా, కొన్నాళ్లాగి ఎక్కువ చేస్తావా అని అడుగుతూ పోయారు. తర్వాత ఇంటికి పంపి, ఫారాలు నింపి నెలలోపు పంపితేనే డబ్బు ఇస్తామన్నారు. వాయిదా పడేకొద్దీ ఆ పని కష్టం ఎవరి మెదడులో త్వరగా చిన్నదైపోతోందో వాళ్లే ఫారాలు ఆలస్యంగా పంపారు. ఇవాళ పది కిలోల మూట రేపటికి కిలోలా కనిపిస్తుందన్నమాట. రేపు వచ్చి ఎత్తబోతే మళ్లీ పది కిలోలే.

పావురాల మీద కూడా చేశారు తెలుసా, 1996లో జేమ్స్ మేజర్ అనే ఆయన. ఇప్పుడే కొంచెం ముక్కుతో పొడిచే పనా, తర్వాత అంతకంటే ఎక్కువ పొడిచే పనా అంటే పావురాలు తర్వాత చేసే పెద్ద పనినే ఎంచుకున్నాయి. కాబట్టి ఇది మనిషికి ఫోన్లు, టీవీలు వచ్చాక పట్టుకున్న జబ్బు కాదు.

నా చిన్నప్పుడు మా తెనాలి దగ్గర ఊళ్లో తలుపుల మీద బొగ్గుతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది. రాత్రి వచ్చిన దయ్యం అది చదివి వెళ్లిపోతుందనీ, మర్నాడు వస్తే మళ్లీ అదే రాసి ఉంటుందనీ చెప్పేవాళ్లు. నాకు అది పెద్దయ్యాక అర్థమైంది. ఏ రోజు వచ్చి చదివినా ఆ తలుపు మీద రేపే ఉంటుంది. నేను ఇండియాలో ఉన్న అమ్మకి చేయాల్సిన ఇన్సూరెన్స్ రెన్యువల్ మూడు నెలలు అలాగే తిప్పి పంపాను.


నల్లరేగడి
సోమవారం, మధ్యాహ్నం 2:15

అన్నా, మీ పావురాల సంగతి బాగుంది గానీ నా అనుభవం వేరు. మాది పత్తి, ఆరెకరాలు, ఆదిలాబాద్ వైపు. విత్తనం పెట్టే పని నేను ఒక్క ఏడు కూడా వాయిదా వేయలేదు, మా నాన్న వేయలేదు. రెండు మంచి వానలు పడి నేల పదునెక్కితే ఆ పదును నాలుగు రోజులుంటుంది, అంతే. జ్వరం ఉన్నా పోతాం. అదును తప్పితే ఏడాది పోయినట్టే. అదే నేను భూసార పరీక్షకి మట్టి తీసుకుపోవడం మూడేళ్లుగా వాయిదా వేస్తున్నాను. బ్యాంకులో పంటరుణం రెన్యువల్ ప్రతిసారీ ఆఖరి రోజే. మనిషిని నేనే, మెదడు ఒకటే. నేల చెప్పే గడువు నాకు ఒంటికి తెలుస్తుంది, కాగితం మీద గడువు తెలియదు. అందుకని టైమ్ అంటే అందరికీ గడియారమే అనుకోవద్దు. మాకు టైమ్ అంటే అదును.

ఇంకోటి. చేతిలో డబ్బులు లేనప్పుడు ఆ బ్యాంకు కాగితం చూడాలంటేనే మనసొప్పదు. పత్తి అమ్మినాక అదే కాగితం పది నిమిషాల పని.


మనసు_మాస్టారు
సోమవారం, సాయంత్రం 4:40

నల్లరేగడి గారూ, మీరు చివర చెప్పినదాని మీద మన పక్కనే పరిశోధన జరిగింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, డబ్బు చేతికొచ్చాక ఒకసారి బుద్ధి చురుకును కొలిచే పరీక్షలు పెట్టారు, 2013లో ప్రచురించారు. అదే రైతు, కోతకు ముందు తక్కువగా చేశాడు, కోత అయ్యాక బాగా చేశాడు. డబ్బుకి కటకటగా ఉన్నప్పుడు మనసులో చోటంతా అప్పులే ఆక్రమించుకుంటాయి, మిగతా పనులు నిలబడటానికి జాగా ఉండదు. రైతులకు ముందుచూపు లేదని పట్నంలో కూర్చుని అనేవాళ్లంటే నాకు కోపం వచ్చేది ఇందుకే.

పిల్లల విషయంలోనూ ఇంతే. ఒక మిఠాయి ఇప్పుడు తినకుండా ఆగితే రెండు ఇస్తాం అనే ప్రయోగం అందరూ వినే ఉంటారు. అమెరికాలో రోచెస్టర్‌లో 2013లో దాన్ని మార్చి చేశారు. ముందుగా కొందరు పిల్లలకి "మంచి రంగులు తెస్తాను" అని చెప్పి తెచ్చారు, కొందరికి చెప్పి తేలేదు. మాట నిలబెట్టుకున్న చోట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, తప్పిన చోట 3 నిమిషాలు. రేపటి మీద నమ్మకం లేనివాడు ఇవాళ్టిది పట్టుకోవడంలో తప్పేముంది?


తూకం_రాయి
సోమవారం, రాత్రి 8:00

చర్చ బాగుంది, కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. నేను ల్యాబ్‌లో పనిచేసే మనిషిని, ఎంఆర్‌ఐ డేటా రోజూ చూస్తాను. అమిగ్డాలా పెద్దగా ఉంది కాబట్టి వాయిదా వేస్తున్నారు అని ఆ బోహుమ్ ఫలితాన్ని చదవకూడదు. ఇరవై ఏళ్లుగా భయపడుతూ బతికితే అమిగ్డాలా పెరిగిందేమో. ఏది ముందో ఒక్కసారి తీసిన ఫొటో చెప్పదు. పైగా అది 264 మంది సగటు, ఒక మనిషి స్కాన్ చూసి ఇతను వాయిదా వేస్తాడని ఎవరూ చెప్పలేరు.

2004లో ఇలాంటిదే జరిగింది. ఇప్పుడే వచ్చే డబ్బుకి భావోద్వేగాల మెదడు స్పందిస్తుంది, అన్ని నిర్ణయాలకూ ఆలోచించే మెదడు పనిచేస్తుంది, రెండిటికీ పోటీ అని ఒక ప్రసిద్ధ పరిశోధన వచ్చింది. మూడేళ్లకి, 2007లో, కేబుల్, గ్లిమ్చర్ అనేవాళ్లు అలా రెండు ముక్కలు లేవు, విలువ కట్టే వ్యవస్థ ఒకటే, అదే దగ్గరిదానికీ దూరందానికీ వెల కడుతోందని చూపించారు. భావోద్వేగం గుర్రం, ఆలోచన దాని మీది రౌతు అనే కథలు వినడానికి బాగుంటాయి, మెదడు మాత్రం అంత తేటగా విడిపోయి లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది కోతుల ప్రయోగం. అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో 2004లో చేశారు. బహుమానం ఇంకా దూరం ఉందని తెలిస్తే కోతులు నిర్లక్ష్యంగా పనిచేస్తాయి, దగ్గరపడితే శ్రద్ధగా చేస్తాయి, అచ్చం మనలాగే. మెదడులో రైనల్ కార్టెక్స్ అనే చోట, డోపమైన్ అనే రసాయనం తెచ్చే సందేశాన్ని అందుకునే డీ2 రిసెప్టర్ల తయారీని కొన్ని వారాలపాటు తగ్గించారు. ఇంకెంత దూరం ఉందో కోతులకు తెలియడం ఆగిపోయింది, ఇక ప్రతిసారీ బహుమానం ఇప్పుడే వస్తుందేమో అన్నట్టు కష్టపడ్డాయి. ఆ ప్రభావం పోయాక మళ్లీ మామూలే. దూరం కొలవగలిగే తెలివి, వాయిదా వేసే గుణం ఒకే చోట ముడిపడి ఉన్నాయని దానివల్ల నాకు తోచింది. ఆ తెలివి పోగొట్టుకోవాలని మనం కోరుకోం కదా.


గుంటూరు_మిరప
సోమవారం, రాత్రి 9:50

ఐదింటికి లేచే అంకుల్ గారికి ఈ మాట. మీ అబ్బాయి గోడ చూస్తున్నాడన్నారు కదా. నేను అలాగే చూసేదాన్ని. నాకు 31వ ఏట ఏడీహెచ్‌డీ అని చెప్పారు, అంటే చిన్నప్పటి నుంచే శ్రద్ధ నిలవక ఇబ్బందిపెట్టే మెదడు సమస్య. అప్పటిదాకా "తెలివి ఉంది, ఒళ్లొంచదు" అని ఇంట్లో, బడిలో, అత్తగారింట్లో ఒకటే మాట. నాకు టైమ్ రెండు రకాలుగానే తెలిసేది, ఇప్పుడు, ఇప్పుడు కానిది. పరీక్ష వచ్చే నెల అంటే అది "ఇప్పుడు కానిది"లో పడిపోయేది, తెల్లారితే పరీక్ష అన్నప్పుడు మాత్రం గొంతు పట్టుకునేది.

వాయిదా వేసే ప్రతివాళ్లకీ ఇది ఉందని కాదు, దయచేసి రీల్స్ చూసి ఎవరికి వాళ్లు పేరు పెట్టుకోవద్దు. పన్నెండేళ్ల వయసులోపే లక్షణాలు ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా ఇబ్బంది కనిపించాలి, సైకియాట్రిస్ట్ కూర్చోబెట్టి చిన్నప్పటి సంగతులన్నీ అడుగుతారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చేయండి, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఒక్కసారి చేయించండి అంకుల్. పేరు తెలిసిన రోజు నేను ఆ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతో.


భాషాప్రియ
సోమవారం, రాత్రి 10:20

చిన్న మాట. తెలుగులో "రోజూ చేస్తాను" అన్నా "రేపు చేస్తాను" అన్నా క్రియ ఒకటే. కీత్ చెన్ అనే ఆర్థికవేత్త 2013లో, భవిష్యత్తుకి వేరే రూపం వాడాల్సిన పని లేని భాషలవాళ్లు ఎక్కువ పొదుపు చేస్తారన్నాడు, భవిష్యత్తు వాళ్లకి దగ్గరగా అనిపిస్తుందట. నాకు వినగానే సంతోషమేసింది గానీ, భాషల మధ్య చుట్టరికాలు లెక్కలోకి తీసుకుని 2015లో మళ్లీ చూస్తే ఆ సంబంధం బాగా పలచబడింది, చెన్ కూడా అందులో ఉన్నాడు. తన మాటను తానే మళ్లీ తూచుకోవడం నాకు చాలా నచ్చింది.


నైట్‌డ్యూటీ_నర్సు
మంగళవారం, తెల్లవారుజాము 3:30

డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. పేపర్లూ ఫారాలూ ఆగితే ఎవరో తిడతారు, సరిపోతుంది. నేను చూసే వాయిదాలు వేరు. కాలికి పుండు పడి రెండు నెలలు దాచుకుని వచ్చిన షుగర్ పేషెంట్ ఉన్నాడు పద్నాలుగో బెడ్డు మీద. ఎందుకు రాలేదు బాబాయ్ అంటే "తీసేస్తారని భయమేసిందమ్మా" అన్నాడు. మొదట్లో వస్తే డ్రెస్సింగ్‌తో పోయేది, ఇప్పుడు రెండు వేళ్లు పోయాయి.

అందరికీ చెప్పే నేనే రొమ్ములో గడ్డ తగిలితే ఐదు వారాలు స్కాన్‌కి పోలేదు. రోజూ ఆ గది ముందు నుంచే నడిచేదాన్ని. నాకు తెలియక కాదు, నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. స్కాన్ కాగితం చేతికొచ్చేదాకా నేను జబ్బు లేని మనిషినే కదా అన్న ధైర్యం. చివరికి మా జూనియర్ అమ్మాయి చేయి పట్టుకుని తీసుకుపోయింది, "అక్కా, నువ్వు ఏం ఆలోచించొద్దు, నడువు చాలు" అంది. అది మామూలు కొవ్వు గడ్డే. ఐదు వారాలు నిద్ర లేకుండా బతికింది దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

హాల్ హెర్ష్‌ఫీల్డ్ అనే ఆయన పరిశోధన ఒకటి విన్నాను, 2009లోది. పదేళ్ల తర్వాతి నిన్ను తలుచుకో అంటే చాలామంది మెదడు పరాయి మనిషిని తలుచుకున్నట్టు స్పందిస్తుందట, ఆ తేడా ఎంత ఎక్కువుంటే భవిష్యత్తు కోసం ఆగే ఓపిక అంత తక్కువట. బాబాయ్ రెండు నెలల కింద నొప్పిని ఎవరో వేరే ముసలాయన నెత్తిన పెట్టి వచ్చాడు. ఆ ముసలాయన ఇప్పుడు నా వార్డులో ఉన్నాడు.


పాత_పంచాంగం
మంగళవారం, ఉదయం 7:15

అమ్మా నర్సమ్మా, చదివి కళ్లు చెమర్చాయి. నేను రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్‌ని, 71 ఏళ్లు. మా అమ్మ పంచాంగం చూడకుండా ఏదీ మొదలుపెట్టేది కాదు. దుర్ముహూర్తం, వర్జ్యం, రాహుకాలం, సోమవారమైతే ఏడున్నర నుంచి తొమ్మిది దాకా గడప దాటనిచ్చేది కాదు. అయితే ఒకసారి ఉదయం 10:12 అని ముహూర్తం పెట్టాక మాత్రం ఇక ఆగేది లేదు, 10:12కి దీపం వెలగాల్సిందే. మనసు సిద్ధంగా ఉందా లేదా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఇదే సంగతిని పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ సైకాలజిస్టు పరీక్షించి చెప్పాడు, "చేయాలి" అనుకుంటే సరిపోదు, "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముడిపెట్టుకుంటే పని మొదలయ్యే అవకాశం బాగా పెరుగుతుందని.

ఇందులో రెండో పక్కా చెప్పాలి. మా నాన్నగారి కంటి ఆపరేషన్ని మూఢం అని, తర్వాత ఆషాఢం అని నేనే మూడు నెలలు ఆపాను. నాకు ఆపరేషన్ అంటే భయం, పంచాంగం అడ్డు పెట్టుకున్నాను. ఆ మూడు నెలలూ ఆయన పేపర్ చదవలేకపోయారు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

టీచరమ్మా, సాయంత్రం టీ గ్లాసు కింద పెట్టగానే కట్ట ముడి విప్పండి. ఐదు పేపర్లు. 62 మాట ఎత్తొద్దు.


ఐదింటికి_లేస్తా
మంగళవారం, ఉదయం 7:50

మేడమ్, నేను మొదట రాసింది కటువుగా ఉంది, క్షమించండి. గుంటూరమ్మాయ్, నీ పోస్టు రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను. వాడు రెండో తరగతి నుంచీ ఇంతేనని, టీచర్లు డైరీలో రాసి పంపేవాళ్లని ఆమె అంది. నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఇవాళ ఆ నంబర్‌కి చేస్తాను.


గుంటూరు_మిరప
మంగళవారం, ఉదయం 8:05

ఆ పాత డైరీలు ఉంటే పారేయకండి అంకుల్, డాక్టర్‌కి చాలా పనికొస్తాయి. మీ అబ్బాయితో ముందు మీరు మాట్లాడండి, తీసుకెళ్లే రోజు దాకా ఆగి అప్పుడు చెప్పకండి.


మనసు_మాస్టారు
మంగళవారం, ఉదయం 9:30

ఐదింటికి లేచే సార్, మీరు రాసింది చదివి చాలా సంతోషించాను. కెనడాలోనే 2010లో మొదటి ఏడాది విద్యార్థుల మీద చూశారు. మొదటి పరీక్షకి చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకి తక్కువ వాయిదా వేశారు. తిట్టుకుంటూ ఉంటే ఆ పుస్తకం మీద ఇంకో పొర చేదు చేరుతుంది, ఆ చేదు తప్పించుకోవడానికి మళ్లీ వాయిదా. ఈ సంగతి మీ వాడికీ పనికొస్తుంది, మన టీచర్ గారికీ పనికొస్తుంది.


లెక్కల_టీచర్
గురువారం, రాత్రి 10:45

మంగళవారం టీ గ్లాసు కింద పెట్టి కట్ట విప్పాను. ఐదు అనుకున్నాను, తొమ్మిది దిద్దాను. నిన్న పద్దెనిమిది. ఇవాళ ఇప్పటికి ఇరవై రెండు.

మాస్టారు గారూ, మీరు అడిగినదానికి అప్పుడు జవాబు రాయలేకపోయాను. మొదటి పేపర్ మా క్లాసులో ముందు బెంచీ అమ్మాయిది. నేను ఏం చెప్పినా తల ఊపుతుంది, కళ్లు మెరుస్తాయి, ఆ పిల్లని చూసుకునే నేను పాఠం అందుతోందని అనుకునేదాన్ని. పరీక్ష రోజు బెంచీల మధ్య తిరుగుతూ ఆమె పేపర్ మీద కన్ను పడింది. ఒకటి బై రెండు ప్లస్ ఒకటి బై మూడు, జవాబు రెండు బై ఐదు. పైన పైవి, కింద కిందవి కూడేసింది. ఆ క్షణమే కడుపులో ఏదో దిగినట్టయింది, వెంటనే మర్చిపోయాను, మర్చిపోయాననుకున్నాను. ఇప్పుడు దిద్దిన 49 పేపర్లలో 34 మంది అలాగే రాశారు. భిన్నాలు నేను మూడు వారాలు చెప్పాను. పదిహేడేళ్లుగా చెప్తున్నాను. అరవై రెండు పేపర్లు దిద్దడం కష్టమని కాదు నేను ఆగింది.

నిన్న రాత్రి చాలాసేపు ఏడ్చాను, ఆ తర్వాత ఎందుకో దడ తగ్గింది. నిద్ర పట్టింది. ఇక్కడ ఎవరైనా భిన్నాలు బాగా చెప్పేవాళ్లుంటే నాకు చెప్పండి, కొత్తగా మొదలుపెడతాను.


నల్లరేగడి
గురువారం, రాత్రి 11:10

టీచరమ్మా, నేను పదో తరగతే గానీ పాళ్లు పంచడం రోజూ చేసే పని. డజను అరటిపళ్లు క్లాసుకి తీసుకుపోండి. సగం ఎన్నంటే ఆరంటారు. మూడో వంతు ఎన్నంటే నాలుగంటారు. కలిపితే పది, పన్నెండులో పది. అప్పుడు వాళ్లు రాసిన రెండు బై ఐదు బోర్డు మీద పెట్టి, ఇది సగం కంటే ఎక్కువా తక్కువా అని అడగండి. సగానికి ఇంకొన్ని కలిపితే సగం కంటే ఎట్లా తగ్గుతుందో వాళ్లనే చెప్పమనండి. మా పాలేరుకి కూలి పాళ్ల లెక్క ఇట్లనే చెప్పాను, ఇప్పుడు నాకంటే వేగంగా చేస్తాడు.


లెక్కల_టీచర్
గురువారం, రాత్రి 11:25

సగం కంటే తగ్గిపోతోందన్న మాట ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా వాళ్లని అడగలేదు తమ్ముడూ. రేపు మూడో పీరియడ్ ఏడో తరగతికి. వీధి చివర బండి ఇంకా ఉంది, మా వాణ్ని అరటిపళ్లకి పంపాను. వాడు వచ్చేలోపు మిగతా పదమూడు చూసేస్తాను.